మొదటి గేమ్ జామ్‌కి పేరిచ్చాను, ఇప్పుడు గుండె దడ

రాత్రిబడి
సోమవారం, రాత్రి 11:12

అందరికీ నమస్కారం. ఏడాదిగా ఇక్కడ చదువుకుంటూ పోవడమే గానీ ఒక్క ముక్కా రాయలేదు. పగలు ఎరువుల దుకాణంలో లెక్కలు రాస్తాను. రాత్రి పిల్లాడు పడుకున్నాక తొమ్మిదిన్నర నుంచి పదకొండు దాకా గేములు తయారుచేసే గోడాట్ సాఫ్ట్‌వేర్ నేర్చుకుంటున్నాను. ఇప్పటిదాకా మొదలుపెట్టిన గేములు ఏడు, పూర్తిచేసినవి సున్నా. అన్నీ మొదటి లెవెల్ దగ్గరే పడుకున్నాయి.

నిన్న రాత్రి ఏదో ఊపులో, ఎల్లుండి మొదలయ్యే జీఎంటీకే (గేమ్ మేకర్స్ టూల్‌కిట్ అనే యూట్యూబ్ ఛానల్ వాళ్ల) జామ్‌లో జాయిన్ నొక్కేశాను. వాళ్లిచ్చిన థీమ్ మీద 96 గంటల్లో గేము చేసి పెట్టాలి. పొద్దున లేచి తలుచుకుంటే కాళ్లు ఆడలేదు. బొమ్మలు గీయడం రాదు, పాట కట్టడం రాదు, కోడ్ అంటారా, అది కూడా చూసి రాసేదే. ఆఫీసుకి సెలవు పెట్టే వీలు లేదు. ఇలాంటి వాళ్లు అసలు చేరొచ్చా? సగంలో వదిలేస్తే ఏమవుతుంది? ఎవరైనా తిడతారా?


బగ్గుబాబు
సోమవారం, రాత్రి 11:31

వెల్కమ్ అన్నా! ఎవరూ తిట్టరు. వదిలేసినా ఎవరికీ తెల్వదు, పేరిచ్చినోళ్లలో సబ్మిట్ చెయ్యనోళ్లే చానామంది ఉంటరు. నేను రెండుసార్లు ఆ లిస్టులోనే ఉన్న. మూడోసారి సబ్మిట్ చేసిన, అదొక కోడి గేము. కోడి గోడలోకి పోయి ఇరుక్కునేది. ఆడినోళ్లు అదే ఫీచర్ అనుకున్నరు.


రాత్రిబడి
సోమవారం, రాత్రి 11:34

అన్న కాదండీ, అక్క :)


బగ్గుబాబు
సోమవారం, రాత్రి 11:35

సారీ అక్కా. కోడి మీద ఒట్టు, ఇంకోసారి అనను.


పిక్సెల్‌పంతులు
మంగళవారం, ఉదయం 6:05

చేరండమ్మా. సందేహమే వద్దు. కాకపోతే ఏ పందెంలో దిగుతున్నారో తెలిసి దిగండి.

జామ్‌లన్నీ ఒకటి కావు. 2002లో మొదలైన లూడమ్ డేర్ ఉంది. అందులో కాంపో విభాగమంటే ఒంటరిగా 48 గంటలు, బొమ్మ, చప్పుడు, కోడ్ అన్నీ ఆ గంటల్లోనే మీ చేత్తో తయారుకావాలి. జామ్ విభాగమైతే 72 గంటలు, జట్టు కట్టొచ్చు. గ్లోబల్ గేమ్ జామ్ 2009 జనవరిలో మొదలైంది, దానికి ఊరూరా కేంద్రాలుంటాయి, జనం ఒకచోట చేరి చేస్తారు. జేఎస్13కే అని ఇంకోటి ఉంది, నెల రోజుల గడువు ఇస్తారు గానీ గేమంతా 13 కిలోబైట్లలో ఇమడాలి. మీరు చేరిన జీఎంటీకే 2017లో మొదలైంది. మొదట్లో 48 గంటలే, 2024 నుంచి 96 చేశారు. ఉద్యోగాలు చేసుకునేవాళ్లకి అది మేలే. వేరేవాళ్లు చేసిన బొమ్మలూ శబ్దాలూ, వాడుకునే హక్కు ఉంటే వాడుకోవచ్చు. కాబట్టి బొమ్మలు రావని బెంగ అక్కర్లేదు. కెన్నీ సైట్లో వేలకొద్దీ బొమ్మలు సీసీ0 లైసెన్సు కింద ఉచితంగా ఉన్నాయి, పేరు చెప్పకపోయినా తప్పు లేదు. చెబితే మర్యాద.

ఇప్పుడు ఒక లెక్క వేయండి. లెక్కలు రాసేవారు కదా. 96 గంటల్లో మీకు నిజంగా చిక్కేవి ఎన్ని?


రాత్రిబడి
మంగళవారం, మధ్యాహ్నం 1:40

భోజనం వేళ వేశాను సార్. బుధవారం రాత్రి ఒకటి, గురువారం రెండున్నర, శుక్రవారం రెండున్నర, శనివారం సాయంత్రం మూడు, ఆదివారం ఎనిమిది. మొత్తం పదిహేడు. అదీ పిల్లాడికి జ్వరం రాకపోతే.


పిక్సెల్‌పంతులు
మంగళవారం, మధ్యాహ్నం 2:15

పదిహేడులో అయిదు ఇప్పుడే తీసి పక్కన పెట్టేయండి. ఎక్స్‌పోర్టుకీ, అప్‌లోడుకీ, పేజీ రాయడానికీ, చివర్లో వచ్చే వింతలకీ అవి. మీ గేము పన్నెండు గంటల గేము. పన్నెండు గంటల్లో ఏడో గేములా లెవెళ్లు, షాపు, సేవ్ ఫైలు అని పోతే ఇది ఎనిమిదోది అవుతుంది.

ఇంకో పని ఈ రాత్రే చేయండి. ఖాళీ ప్రాజెక్టు తెరిచి, మధ్యలో ఒక చతురస్రం పెట్టి, దాన్ని వెబ్‌కి ఎక్స్‌పోర్టు చేసి, జామ్ గేములు పెట్టే సైటు ఇచ్.ఐఓలో డ్రాఫ్టు పేజీగా ఎక్కించి, ఫోన్లో తెరిచి చూడండి. గేము లేకుండానే దారి మొత్తం ఒకసారి నడిచి రండి. డౌన్‌లోడ్ చేసుకోమంటే సగంమంది ఆడకుండానే పోతారు, బ్రౌజర్లో ఆడేలా ఉంటేనే ఆడతారు.


ఇంటర్‌సెకండియర్
మంగళవారం, సాయంత్రం 5:50

సార్ నేను సీ షార్ప్ నేర్చుకున్నాను, గోడాట్‌లో అదే వాడుతున్నా. నాకూ వెబ్‌లో పెట్టడం కుదురుతుందా?


పిక్సెల్‌పంతులు
మంగళవారం, సాయంత్రం 6:20

గోడాట్ 4లో సీ షార్ప్ ప్రాజెక్టులకి వెబ్ ఎక్స్‌పోర్టు లేదు నాయనా. జామ్ కోసం గోడాట్ సొంత భాష జీడీస్క్రిప్ట్‌లో రాయి. సీ షార్ప్ వచ్చినవాడికి రెండు రోజుల పని.


కందిపొడి
మంగళవారం, రాత్రి 8:44

ఒక మాట అంటాను, ఎవరూ ఏమీ అనుకోవద్దు. ఈ జామ్‌లన్నీ కాలక్షేపం. నాలుగు రోజులు నిద్ర పాడుచేసుకుని చేసిన గేము నలభైమంది ఆడతారు, తర్వాత దాని మొహం ఎవరూ చూడరు. ఆ నాలుగు రోజులు ఒక మంచి కోర్సు మీద పెడితే రెజ్యూమెకైనా పనికొస్తుంది. గేముల్లో డబ్బు ఉందా మన దగ్గర?


టెక్సాస్‌తాటిముంజ
మంగళవారం, రాత్రి 9:30

కందిపొడి గారూ, మీరు అన్నం లేకుండా ఉత్త పొడే తిన్నట్టున్నారు, అంత ఘాటెందుకు.

ఆవిడ డబ్బు సంగతి అడగలేదు కదండీ. నేను 2019లో ఇక్కడి ఒక యూనివర్సిటీలో గ్లోబల్ గేమ్ జామ్‌కి వెళ్లాను. ఆ ఏడాది థీమ్, "ఇల్లంటే నీకేమిటి" అని. గదిలో నాకు తెలిసిన మనిషి ఒక్కరూ లేరు. నేనూ, ఒక మెక్సికో అమ్మాయీ, ఒక నైజీరియా అబ్బాయీ ఒక బల్ల దగ్గర పడ్డాం. సూట్‌కేసు సర్దే గేము చేశాం. 23 కిలోలు దాటకూడదు. అమ్మ పక్కనుంచి ఒక్కో వస్తువూ తెచ్చి పెడుతూనే ఉంటుంది. నేను ఆవకాయ జాడీ పెట్టాను, ఆ అమ్మాయి ఎండుమిరపకాయల మూట, ఆ అబ్బాయి కర్రపెండలంతో చేసే గరి పొడి. ముగ్గురి అమ్మలూ ఒకే మాట అంటారని అప్పుడు తెలిసింది. "ఇది తేలికే, పట్టేస్తుంది."

గేము చూడటానికి ఘోరంగా ఉండేది. మూత పడేది కాదు, బగ్గు. అయినా వాళ్లిద్దరూ ఇప్పటికీ నా వాట్సాప్‌లో ఉన్నారు.


పిక్సెల్‌పంతులు
మంగళవారం, రాత్రి 10:02

కందిపొడి గారు అన్నది సగం నిజమే. జామ్ గేముల్లో నూటికి తొంభై తొమ్మిది అక్కడే ఆగిపోతాయి. మిగిలిన ఒక్కదాన్ని చూపించి ఊరించడం నాకూ ఇష్టం లేదు. కానీ ఆ ఒక్కటి ఉందన్నదీ నిజం. బాబా ఈజ్ యూ 2017 నార్డిక్ గేమ్ జామ్‌లో పుట్టింది, రెండేళ్లకి పూర్తి గేముగా వచ్చింది. సెలెస్ట్ మొదటి రూపం 2015లో ఇద్దరు కలిసి నాలుగు రోజుల్లో పికో-8 అనే బుల్లి ఊహా గేము యంత్రం మీద చేసింది. 128 చుక్కల వెడల్పు, అంతే ఎత్తు, పదహారు రంగులు. ఆ తెరలోనే దూకడం, ఎగరడం ఎలా ఉండాలో తేల్చుకున్నారు.

రాత్రిబడి గారూ, ఎక్స్‌పోర్టు చేసి చూశారా?


రాత్రిబడి
మంగళవారం, రాత్రి 11:48

చేశాను సార్. మొదటిసారి పేజీలో గేమే రాలేదు. ఫైలు పేరు నా ప్రాజెక్టు పేరుతో వచ్చింది, అది ఇండెక్స్.హెచ్‌టీఎంఎల్ అని ఉండాలట. మార్చాను. రెండోసారి జిప్ లోపల ఇంకో ఫోల్డరు పెట్టి అందులో ఫైళ్లు పెట్టాను, మళ్లీ రాలేదు. మూడోసారి వచ్చింది. నీలం చతురస్రం. ఫోన్లో మా ఆయనకి చూపిస్తే "బాగుంది, ఇదేంటి?" అన్నారు.


బగ్గుబాబు
బుధవారం, రాత్రి 10:41

థీమ్ వచ్చింది!! లూప్!!!


ఇంటర్‌సెకండియర్
బుధవారం, రాత్రి 10:44

లూప్ అంటే టైమ్ లూప్ చేస్తా. చచ్చిపోతే మళ్లీ మొదటికొస్తుంది.


పిక్సెల్‌పంతులు
బుధవారం, రాత్రి 10:52

ఇప్పుడు ప్రపంచంలో కొన్ని వేలమంది అదే అనుకుంటున్నారు నాయనా. మొదట తోచిన ఆలోచన అందరికీ తోస్తుంది. కాగితం మీద పది రాసి, మొదటి మూడూ కొట్టేయి. అందరూ పడుకోండి. పొద్దున రాయండి.


రాత్రిబడి
గురువారం, ఉదయం 7:15

రాత్రి రాసుకున్నవి: రంగులరాట్నం, బతుకమ్మ చుట్టూ ఆడటం, బావి గిలక, గుడి ప్రదక్షిణం, వడ్డీ మీద వడ్డీ (ఇది ఆఫీసు ప్రభావం), గానుగెద్దు.

గానుగెద్దు దగ్గర ఆగిపోయాను. మా మామగారి ఊళ్లో గానుగ ఉండేదట, ఆయన ఎప్పుడూ చెబుతుంటారు. కళ్లకి గంతలు కట్టిన ఎద్దు రోలు చుట్టూ తిరుగుతూనే ఉంటుంది. దానికి ఎక్కడికో పోతున్నట్టే ఉంటుంది పాపం. అది చాలదా లూప్‌కి?

ఆటలో ఎద్దు తనంతట తను తిరుగుతుంది. మనం తాతని నడిపించాలి. నువ్వులు రోట్లో పోయాలి, నూనె డబ్బాలో పట్టాలి, సంతకి తీసుకెళ్లి అమ్మాలి, ఆ డబ్బుతో ఇంకో ఎద్దుని కొనాలి. ఊరు, దారి, సంత, వర్షం వస్తే నువ్వులు తడవడం. పిల్లలు బెల్లంముక్క కోసం గానుగ దారికి అడ్డంగా పరిగెత్తుతుంటారు. ఎలా ఉంది?


చప్పుడు
గురువారం, ఉదయం 8:02

ఎద్దు అదిరింది అండీ. మెడలో మువ్వలు పెట్టండి. ఆ చప్పుడు నేనిస్తాను. మా అమ్మమ్మ పూజగదిలో ఉన్న గంటని ఫోన్లో రికార్డు చేసి సగం వేగానికి తగ్గిస్తే ఎద్దు మెడగంటలా మోగుతుంది, ఇదివరకు చేశాను. జట్టులో నా పేరు కలుపుకుంటారా?


పిక్సెల్‌పంతులు
గురువారం, ఉదయం 8:20

ఆలోచన బంగారం. మీరు రాసినది మాత్రం పన్నెండు గంటల్లో కాదు, పన్నెండు నెలల్లో అవుతుంది.

సంత తీసేయండి. డబ్బు, రెండో ఎద్దు, వర్షం, ఊరు కూడా తీసేయండి. తాత నడవడం తీసేయండి, నడిచే మనిషి అంటే నాలుగు దిక్కుల బొమ్మలు గీయాలి. ఏం మిగిలింది? ఎద్దు, రోలు, అడ్డం వచ్చే పిల్లలు. ఆటగాడి చేతిలో ఒక్క మీట. నొక్కి ఉంచితే ఎద్దు ఆగుతుంది, వదిలితే నడుస్తుంది. ఆపితే నూనె కారడం తగ్గుతుంది, ఆపకపోతే పిల్లాడికి తగులుతుంది. ఇంతే. ఈ రాత్రి పడుకునే ముందు ఇది గీతలతో, వృత్తాలతో ఆడి చూడండి. బొమ్మలు వద్దు. వృత్తాలతో సరదాగా లేకపోతే ఎద్దుతోనూ ఉండదు.


రాత్రిబడి
గురువారం, ఉదయం 8:31

సంత తీసేస్తే ఏడుపొస్తోంది సార్. సరే తీసేశాను.

చప్పుడు గారూ, రండి రండి. పంచుకోవడానికి నా దగ్గర బగ్గులు మాత్రమే ఉన్నాయి.


కందిపొడి
గురువారం, మధ్యాహ్నం 3:10

గంతలు కట్టారంటున్నారు కదా, మరి ఆటగాడికి మాత్రం అంతా ఎలా కనిపిస్తోంది? తెర నల్లగా ఉండి, రోలు చుట్టూ కొంచెమే కనిపిస్తే? పిల్లలు నవ్వుకుంటూ రావడం చెవికి వినాలి. ఎడమ చెవిలో వినిపిస్తే ఎడమ వైపు నుంచి వస్తున్నట్టు.

ఊరికే అన్నాను. నేను ఇలాంటివి చేయను.


చప్పుడు
గురువారం, మధ్యాహ్నం 3:14

కందిపొడి గారూ!!! ఇదే గేము!


బగ్గుబాబు
గురువారం, మధ్యాహ్నం 3:20

ఉత్త పొడి కాదు, నెయ్యి కూడా ఉంది.


రాత్రిబడి
శుక్రవారం, రాత్రి 11:55

కాపాడండి. నిన్న వృత్తాలతో ఆడితే బాగానే ఉంది. మా ఆయన పదిహేను నిమిషాలు ఆడారు, ఆయన క్యాండీ క్రష్ తప్ప ఇంకోటి ముట్టరు. ఈరోజు ఎద్దు ఎన్ని చుట్లు తిరిగిందో లెక్కపెట్టే పని మొదలుపెట్టాను. ఇరవై చుట్లకి ఆట అయిపోవాలి.

ఎద్దు ఉన్న చోటు నుంచి కోణం తీసి, అది సున్నా దాటినప్పుడల్లా ఒకటి కలుపుతున్నాను. ఒక్కోసారి ఒక చుట్టుకి మూడు లెక్క పడుతోంది. గీత మీద ఆపి మీటని టకటకా కొడితే అయిదు, ఆరు. పైగా అవతలి వైపు వెళ్లగానే ఎద్దు గిర్రున వెనక్కి తిరిగి మళ్లీ ముందుకొస్తోంది. రెండు గంటలు దీనికే పోయాయి.


పిక్సెల్‌పంతులు
శనివారం, ఉదయం 5:40

కోణాన్ని ఏటాన్2 ఫంక్షన్‌తో తీసి ఉంటారు. అది 180 డిగ్రీలు దాటగానే మైనస్ 180కి దూకుతుంది. మీరు పాత కోణం నుంచి కొత్త కోణానికి ఎద్దుని మెల్లగా తిప్పుతుంటే, 179 నుంచి మైనస్ 179కి రెండు డిగ్రీల దూరమే అయినా అది 358 డిగ్రీలు వెనక్కి తిరిగి వెళ్తుంది. గిర్రున తిరగడం అదే. అలా మెల్లగా తిప్పడానికి లెర్ప్ ఫంక్షన్ బదులు లెర్ప్ యాంగిల్ వాడండి, అది దగ్గరి దారి పట్టుకుంటుంది.

చుట్ల లెక్కకి అసలు కోణం చూడొద్దు. గడియారం ముల్లుని చూసి ఎన్ని రోజులు గడిచాయో చెప్పగలమా? మీ దుకాణంలో రోజువారీ పద్దు ఉంటుంది, నిల్వ ఉంటుంది కదా. ఎద్దు ప్రతి ఫ్రేములో ఎంత జరిగిందో అది పద్దు. దాన్ని ఒక వేరియబుల్‌లో కూడుతూ పోండి, అది నిల్వ. ఆ నిల్వని 360 డిగ్రీలతో భాగించి కింది పూర్ణాంకం తీసుకోండి. గోడాట్ రేడియన్లలో లెక్కిస్తుంది గనక టౌ తో (రేడియన్లలో ఒక పూర్తి చుట్టు) భాగించాలి. గీత మీద ఎన్నిసార్లు ఆపినా నిల్వ మారదు.


రాత్రిబడి
శనివారం, ఉదయం 6:30

నిల్వ!! పదకొండేళ్లుగా చేస్తున్న పనే. నాలుగు లైన్లలో అయిపోయింది సార్. పాలు పొంగిపోయాయి, అది వేరే సంగతి.


చప్పుడు
శనివారం, రాత్రి 9:20

మువ్వలు, రోకలి కిర్రుమనే చప్పుడు, పిల్లల నవ్వు పంపాను. కిర్రు చప్పుడు మా బావి గిలకది. నవ్వు మా అక్క కూతురిది, చక్కిలిగింతలు పెట్టి తీశాను, రెండు చాక్లెట్లు ఖర్చు. ఢీకొట్టినప్పుడు వచ్చే చప్పుడు మాత్రం ఎస్‌ఎఫ్‌ఎక్స్‌ఆర్‌లో చేశాను. 2007లో ఒకాయన లూడమ్ డేర్ వాళ్ల కోసమే తయారుచేసిన పనిముట్టు అది. మీట నొక్కితే ఒక కొత్త శబ్దం పుడుతుంది, నచ్చేదాకా నొక్కుతూ ఉండటమే.

ఒక్క మాట. ఆటగాడు ఒకసారి నొక్కేదాకా బ్రౌజర్ శబ్దం రానివ్వదు. కాబట్టి మొదట్లో "మొదలుపెట్టు" అని ఒక మీట పెట్టండి. లేకపోతే మన మువ్వలు మోగకుండానే ఆట నడిచిపోతుంది, చీకట్లో చెవే ఆధారం కదా.


ఇంటర్‌సెకండియర్
ఆదివారం, ఉదయం 10:15

నాది అవ్వలేదు సార్. పది రాసి మూడు కొట్టేస్తే మిగిలిన ఏడూ ఒకేసారి మొదలుపెట్టాను.


బగ్గుబాబు
ఆదివారం, ఉదయం 10:18

తమ్ముడూ, స్వాగతం. మన లిస్టులోకి.


రాత్రిబడి
ఆదివారం, రాత్రి 8:05

రెండున్నర గంటలే ఉంది, ఎవరైనా ఉన్నారా? నా ల్యాప్‌టాప్‌లో తెలుగు అక్షరాలు చక్కగా కనబడుతున్నాయి. ఇచ్.ఐఓలో పెట్టి చూస్తే అన్నీ ఖాళీ డబ్బాలు. "గానుగెద్దు" అన్న పేరు స్థానంలో డబ్బాల వరస. ఇంకోటి, ఎద్దు బొమ్మ కూడా రావడం లేదు. రోలు చుట్టూ దాని నీడ మాత్రం తిరుగుతోంది. చేతులు చల్లబడిపోతున్నాయి.


టెక్సాస్‌తాటిముంజ
ఆదివారం, రాత్రి 8:09

ఉన్నాను. ముందు మంచినీళ్లు తాగండి.

అక్షరాల సంగతి. గోడాట్‌తో వచ్చే ఫాంటులో తెలుగు లేదు. మీ ల్యాప్‌టాప్‌లో ఆడినప్పుడు అది విండోస్‌లో ఉన్న తెలుగు ఫాంటుని అడిగి తెచ్చుకుంటుంది, అందుకే మీకు తేడా తెలియలేదు. బ్రౌజర్లో అలా అరువు తెచ్చుకునే వీలు లేదు. నోటో సాన్స్ తెలుగు ఫాంటు దించుకుని ప్రాజెక్టు ఫోల్డర్లో పెట్టి, గోడాట్ థీమ్ సెట్టింగులో డిఫాల్ట్ ఫాంటుగా ఇవ్వండి. మీరు గోడాట్ 4లో ఉన్నారు కాబట్టి ఒత్తులు, గుణింతాలు సరిగ్గానే కూర్చుంటాయి. గోడాట్ 3లో అయితే ఒత్తు పక్కకి జారి పడేది, అప్పట్లో మేం పేర్లన్నీ బొమ్మలుగా చేసి అతికించేవాళ్లం.

ఎద్దు ఫైలు పేరు ఎలా ఉంది? పెద్ద అక్షరమా, చిన్న అక్షరమా?


రాత్రిబడి
ఆదివారం, రాత్రి 8:16

ఫైలు పేరు పెద్ద అక్షరంతో మొదలవుతుంది. కోడ్‌లో అంతా చిన్న అక్షరాలే రాశాను. నీడ వేరే ఫైలు, దాని పేరు సరిగ్గానే ఉంది.


టెక్సాస్‌తాటిముంజ
ఆదివారం, రాత్రి 8:17

అదే. విండోస్ ఆ తేడా పట్టించుకోదు, ఎక్స్‌పోర్టు చేసిన గేము పట్టించుకుంటుంది. రెండూ చిన్న అక్షరాలు చేయండి.


రాత్రిబడి
ఆదివారం, రాత్రి 9:02

వచ్చాడు!! ఎద్దు వచ్చాడు. అక్షరాలూ వచ్చాయి. సబ్మిట్ నొక్కేశాను. పేజీలో అది పడ్డట్టు కనబడుతోంది, అయినా నాలుగుసార్లు తెరిచి చూసుకున్నాను. ఎనిమిదో గేము పూర్తయింది. పిల్లాడు చూస్తానని పట్టుబట్టి మేలుకునే ఉన్నాడు, వాడే మొదటి ఆటగాడు. మూడో చుట్టులోనే పిల్లాడికి తగిలించి "అమ్మా, వాడికి దెబ్బ తగిలిందా?" అని అడిగాడు. తగల్లేదు, లేచి నవ్వుతాడు అని చెప్పాను. అలా నవ్వే బొమ్మ గేములో లేదు. ఇంకా గంటన్నర ఉంది కదా, ఇప్పుడు కూర్చుని పెడుతున్నాను.


పిక్సెల్‌పంతులు
ఆదివారం, రాత్రి 9:10

పెట్టండి గానీ, మళ్లీ ఎక్కించే ముందు ఇప్పుడున్నదాన్ని ఒక కాపీ దాచుకోండి. గడువు ముగిశాక ఓటింగ్ అయ్యేదాకా ఫైలు మార్చే వీలుండదు.


పిక్సెల్‌పంతులు
సోమవారం, ఉదయం 6:00

అసలు పని ఇప్పుడు మొదలవుతుంది. రేటింగులు వాటంతటవి రావు. రోజుకి అయిదో ఆరో గేములు ఆడి, ప్రతి దాని కింద రెండు వాక్యాలైనా మనసు పెట్టి రాయండి. "బాగుంది" అని వదిలేయొద్దు. ఏది పని చేసిందో, ఎక్కడ ఆగిపోయారో రాయండి. మీరు ఆడినవాళ్లలో చాలామంది తిరిగొచ్చి మీది ఆడతారు. ఇచ్.ఐఓ లెక్కలో ఇంకో మెలిక ఉంది. మీ గేముకి వచ్చిన రేటింగుల సంఖ్య జామ్‌లోని గేముల మధ్యస్థం కన్నా తక్కువైతే మీ మార్కుని కొంత తగ్గిస్తుంది. ముగ్గురు చుట్టాల చేత అయిదుకి అయిదు వేయించుకుంటే పైకి పోకుండా ఆ ఏర్పాటు.


రాత్రిబడి
గురువారం, రాత్రి 10:30

ఇప్పటికి ఇరవై రెండు గేములు ఆడాను. ఒకదానిలో బస్సు రౌండు చివరి స్టాపులో దిగడం మర్చిపోయిన మనిషి. ఇంకోదానిలో అల్లిక, ఒక్కో కుట్టూ ఒక లూప్. అది ఆడుతుంటే ఇంత చిన్న ఆలోచన నాకెందుకు రాలేదా అనిపించింది.

మాకు వచ్చిన కామెంట్లు చదివి ఇంట్లో అందరం నవ్వుకున్నాం. ఒకాయన "ఈ గాడిద చాలా బాగుంది" అని రాశాడు. ఇంకొకరు ఆ రాతిది బావి అనుకున్నారు. ఒకావిడ మాత్రం హెడ్‌ఫోన్ పెట్టుకుని, కళ్లు మూసుకుని ఇరవై చుట్లూ పూర్తి చేశానని రాసింది. చప్పుడు గారూ, అది మీకు. కందిపొడి గారూ, మీకు కూడా.


కందిపొడి
గురువారం, రాత్రి 11:05

లింక్ తెరిచాను. ఏడో చుట్టులో పోయాను. కుడి చెవిలో నవ్వు కొంచెం ముందుగా రావాలి, అంతే. మిగతాది బాగుంది.

పేరు క్రెడిట్స్‌లో చూశాను. అక్కర్లేదు గానీ, ఉంచండి.


రాత్రిబడి
మూడు వారాల తర్వాత, రాత్రి 9:50

ఫలితాల సంగతి చెప్పడం మర్చిపోయాను. నలభై ఒక్క రేటింగులు. మొత్తంలో సగానికి కొంచెం కింద, క్రియేటివిటీలో మాత్రం పై మూడో వంతులో. బొమ్మల గురించి మాట్లాడుకోవద్దు. ఎద్దు నేను గీసిందే, గాడిద అన్నవాడి తప్పేమీ లేదు.

నిన్న మామగారు ఊరి నుంచి వచ్చారు. ల్యాప్‌టాప్ ముందు కూర్చోబెట్టి, హెడ్‌ఫోన్ పెట్టి, ఇది నువ్వుల గానుగ మామయ్యా అని ఇచ్చాను. ఆయన మీట ముట్టుకోలేదు. చాలాసేపు ఊరికే వింటూ కూర్చున్నారు, రోకలి కిర్రు, మువ్వలు. తెర మీద పిల్లలు వరసగా పడిపోతున్నారు, ఆయనకి పట్టలేదు. చివరికి హెడ్‌ఫోన్ తీసి, "అంతా బాగుందమ్మా, ఎద్దే అటు కాదు, మా ఊళ్లో ఇటు తిరిగేది" అని గాల్లో వేలుతో చుట్టి చూపించారు.

కోడ్ తెరిచి వేగం ముందు ఒక మైనస్ పెట్టాను. ఎద్దు ఇటు తిరిగింది. ఆయన తలూపారు. కానీ ఎద్దు ఒక్క అడుగు వేయగానే చుట్ల లెక్క మైనస్ ఒకటి చూపిస్తోంది, తర్వాత మైనస్ రెండు. నిల్వ అప్పుల్లోకి పోయింది సార్. ఈ రాత్రికి వదిలేశాను, రేపు తొమ్మిదిన్నరకి చూస్తాను.


పిక్సెల్‌పంతులు
మర్నాడు, ఉదయం 5:35

ముందు నిల్వకి యాబ్స్ పెట్టి గుర్తు తీసేయండి, ఆ తర్వాత కింది పూర్ణాంకం. తారుమారైతే మళ్లీ ఒకటి ఎక్కువ పడుతుంది. మామగారిని ఇంకో సంగతి కూడా అడగండి, తెలగపిండి ఎటు వైపు తీసేవారో. మీ గేములో అది ఎక్కడా కనపడలేదు.